ముక్కు ద్వారా శస్త్రచికిత్స: ఇంటికి వచ్చాక జాగ్రత్తలు

మెదడు అడుగున ఉండే పీయూష (పిట్యూటరీ) గ్రంథి కణితిని పుర్రె తెరవకుండా ముక్కులోంచి ఎండోస్కోపుతో (సన్నని కెమెరా గొట్టంతో) తొలగించే విధానాన్ని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో చక్కగా వివరించారు గాని, బయటికి కుట్లు కనిపించవు కనుక రోగి త్వరగా కోలుకుంటాడన్న మాట దగ్గరే ఆగిపోవడం లోటుగా అనిపించింది. ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారినా, గొంతులో ఉప్పగా తగిలినా అది జలుబేనని ఊరుకోకూడదు. మెదడు చుట్టూ ఉండే ద్రవం లీకవుతుంటే మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) సోకే ప్రమాదం ఉంది కనుక వెంటనే సర్జనుకు చూపించాలి. ముక్కు మధ్యగోడ పొరను రక్తనాళంతో సహా తిప్పి కణితి తీసిన దారిలో మిగిలే రంధ్రాన్ని మూసే పద్ధతి 2006లో వెలువడ్డాక పెద్ద శస్త్రచికిత్సల్లో ఈ లీకులు బాగా తగ్గాయి. కొన్ని వారాలపాటు ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి (పెద్దవాళ్లను దీనికి ఒప్పించడం తేలిక కాదు). అతిదాహం, పదేపదే మూత్రం ఒంట్లో నీరు నిలవడం లేదన్న హెచ్చరికైతే, వారం తిరిగేసరికి వచ్చే తలనొప్పి, వాంతులు, మగత రక్తంలో సోడియం పడిపోయినందువల్ల కావచ్చు. సోడియం చూసే రక్తపరీక్ష తేదీని డిశ్చార్జి కాగితంలోనే రాయించుకోవడం మంచిది.