మహారాజశ్రీ సిలికాన్ ట్యూబు గారి సముఖానికి

ఉభయకుశలోపరి. ఇక్కడ పరుపు తప్ప మిగతా అందరం క్షేమం.

రాత్రి వాన పడింది. క్యాంపర్ వ్యానులో కిటికీ పక్కన పడుకున్న నాకు ఆ సంగతి కుడి చెవిలో చల్లగా ఒక చుక్క పడ్డాకే తెలిసింది. ఆ కిటికీకి తమరిని రెండు పొరలు పూసి, ఇక చుక్క కూడా రాదని నేను కోతలు కోసి పట్టుమని పది రోజులు కాలేదు. పొద్దున మా ఆవిడ ఏమీ అనలేదు. తువ్వాలు పిండుతూ నా వైపు ఒక్క చూపు చూసింది, అంతే.

మధ్యాహ్నం కిటికీ మొత్తం ఊడదీశాను. కిటికీని లోపల్నుంచి బిగించే రింగు స్క్రూల్లో సగం తుప్పుపట్టి ఉన్నాయి (వాటికి వేరే ఉత్తరం రాస్తాను). ఫ్రేముకీ గోడకీ మధ్య ఉన్న పాత బ్యూటైల్ టేపు, అదే, సందులు పూడ్చే మెత్తటి జిగురు పట్టీ, ఎండి ముడుచుకుపోయింది. పై అంచున గోరు దూరేంత సందు. నీళ్లు అక్కడ దూరి, గోడ లోపల్నుంచి జారి, కింది మూలలో తేలుతున్నాయి. నేను తమరిని దట్టించింది ఆ కింది మూలలో. సరే, ఆ తెలివి నాది.

ఫ్రేము అడుగున రెండు చిన్న బెజ్జాలుంటే, నీళ్లు దూరే దొంగదారి దొరికిందనుకుని వాటినీ తమరితోనే పూడ్చాను. గాడిలో చేరిన నీళ్లు బయటికి పోయే దారి అదేనట! దారి లేక గాడి నిండి, నా దిండు మీదకి పొర్లింది. ఇదీ నా ఖాతాలోనే రాసుకోండి.

కానీ అంటుకునే విషయంలో మాత్రం క్షమించలేను. కొత్త టేపు వేయాలంటే తమరి ఆనవాలు కూడా మిగలకూడదు. ఎండిన తమరి మీద రంగు అంటదు, టేపు అంటదు, ఆఖరికి కొత్త సిలికాన్ కూడా సరిగ్గా అంటదు. సొంతవాళ్లతో కూడా పొసగని బతుకేం బతుకండీ? బ్లేడు పెడితే అల్యూమినియం మీద గీతలు పడతాయని ప్లాస్టిక్ ముక్కతో గీకాను. స్పిరిట్ గుడ్డతో తుడిచాను. పోయిందనుకుని వేలు పెడితే జర్రున జారుతుంది. మళ్లీ గీకుడు. మూడు గంటలు! నా గోళ్లకి అంటావు, చొక్కాకి అంటావు, మోచేతి వెంట్రుకలకి అంటావు, అంటాల్సిన చోట మాత్రం తోలులా లేచొస్తావు. ఇక మీరూ తమరూ అనడం నావల్ల కాదు. నీ ట్యూబు మీద ఆ 'వాటర్‌ప్రూఫ్' అన్న ముక్క రాసినవాణ్ణి తెచ్చి ఆ కిటికీ కింద ఒక్క రాత్రి పడుకోబెట్టాలి.

బ్యూటైల్ టేపుని చూసి నేర్చుకో. స్క్రూ బిగిస్తే నాలుగు వైపులా పిసుక్కుని వస్తుంది. మర్నాడు మళ్లీ ఒక చుట్టు బిగిస్తే సందులోకి ఇంకాస్త సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి మెత్తగా ఉంటుంది. సాయంత్రం పైపు పెట్టి, కింది అంచు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైదాకా తడిపాం. చుక్క రాలేదు. ఈసారి నేను మాత్రం నోరెత్తలేదు.

మిగిలిన నిన్ను పారేయడానికి మనసొప్పక, స్నానాల గదిలో సింకు అంచుకి పనికొస్తావని డబ్బాలోంచి తీశాను. ఎండిపోకుండా నీ మూతికి నేను గుచ్చిన మేకు అలాగే ఉంది. పటకారుతో లాగాను. రాలేదు. గోడ వదిలేశావు, టేపుని దగ్గరకి రానివ్వలేదు, ఆ మేకుని మాత్రం ప్రాణంలా పట్టుకున్నావు కదరా!

ఇట్లు,
తడిసిన చెవితో,
నీ మాజీ అభిమాని