బీడీ తాగేటోనికి బుద్ధి లేదట!

ఈ వారంలో ఆ వాట్సాప్ మెసేజ్ నాలుగోసారి వచ్చింది. పదో తరగతి గ్రూపులో రెండుసార్లు, వాకింగ్ గ్రూపులో ఒకసారి, మా బావ విడిగా ఒకసారి. సారాంశం ఇది: "ఉన్నోళ్లు సిగరెట్ తాగినా బుద్ధి తెచ్చుకుని మానేస్తరు. లేనోళ్లకు పట్టుదల ఉండదు, బీడీ వదలరు. అయినా బీడీ అంటే ఆకే కదా, ఏం కాదు. ధర పెంచితే పేదోళ్ల కడుపు కొట్టినట్టే. ఈ-సిగరెట్‌కు మారితే సరిపాయె." కింద దండాల బొమ్మలు.

ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం. ఆ ముచ్చట అయిపోయింది.

బీడీ ఆకే. ఉమ్మెత్త కూడా ఆకే, కూర వండుకుంటారా? బీడీకి చుట్టే తునికాకు గాలి ఆడనివ్వదు. గుంజకుంటే ఆరిపోతుంది కాబట్టి మాటిమాటికీ గట్టిగా గుంజాలి. ఆ పొగలో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ మామూలు సిగరెట్ పొగలోకంటే ఎక్కువే.

ఇక పట్టుదల. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మా గల్లీలో ఒక హమాలీ అన్న ఉన్నాడు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోస్తాడు. సంక్రాంతికి బీడీ మానేశాడు. పంతొమ్మిది రోజులు. సీజన్ మొదలైంది, రాత్రి లోడింగ్, పక్కన నలుగురూ ముట్టించారు, నిద్ర ఆగడానికి ఒక్కటి అన్నాడు. అంతే. అతను మానడం అది మూడోసారి. నేనూ పదకొండేండ్లు సిగరెట్ తాగి మానేసినోణ్నే. డాక్టర్‌కు ఫీజు కట్టిన, నికోటిన్ గమ్ కొనుక్కున్న, చిరాకు లేసిన రోజు సెలవు పెట్టి ఇంట్ల పడుకున్న. దీన్ని పట్టుదల అంటారా? అయితే నా పట్టుదలకు నెలనెలా జీతం పడేది. ఇంగ్లండ్‌లో పరిశోధకులు గమనించింది కూడా ఇదే: మానడానికి పేదలూ, ఉన్నవాళ్లూ దాదాపు సమానంగానే ప్రయత్నిస్తారు. తేడా నెగ్గడంలో.

అసలు "మానేశారు" అంటే ఏం మానేశారు? 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం, బీడీ 7.7, పొగ లేని పొగాకు వాడేవాళ్లు 21.4. బీడీ వదిలి చెంపలో తంబాకు పెట్టుకున్నవాణ్ని పొగ మానేసినోళ్ల లెక్కలో రాసుకుంటారు. నోటి క్యాన్సర్‌కు ఆ లెక్కతో పని లేదు. ఇది ఒక్క పేదోళ్ల సంగతే అనుకునేరు. సిగరెట్ మానేసిన మా బావ ఆ మెసేజ్ పంపినప్పుడు నోట్లో జర్దా పాన్ ఉండే ఉంటుంది. భోజనమైన టైమది.

ధర సంగతి కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్న. మనలాంటి దేశాల్లో ధర 10 శాతం పెరిగితే వాడకం సుమారు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తగ్గించేది ఎక్కువగా పేదోళ్లే, అంటే ప్రాణం దక్కేదీ వాళ్లకే. మనమేమో 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్‌లో బీడీ పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని తీర్మానించుకున్నం. శభాష్.

కానీ మానలేకపోయినవాడు ఆ పెరిగిన ధర పిల్లల పాల పైసల్లోంచి తీసి కడతాడు. కడుపు కొట్టడమన్న మాట అక్కడ నిజమే, ఒప్పుకుంటున్న. కోరుట్లలో మా పెద్దమ్మ నలభై ఏండ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. ఒక్కటీ తాగలేదు, దగ్గు మాత్రం వచ్చింది. బీడీలు తగ్గితే నీకు సంతోషమేనా అని అడిగితే, "మరి చాట ఖాళీ అయితే ఏం జెయ్యాలె బిడ్డా?" అన్నది. నా దగ్గర జవాబు లేకుండె.