'ఏ సాకెట్‌లోనైనా సోలార్ ప్లగ్గు పెట్టేయొచ్చు' అనే మెసేజ్ నమ్మొద్దు

"800 వాట్ల సోలార్ ప్యానెల్ కొనండి, ఇంట్లో ఏ సాకెట్‌లోనైనా ప్లగ్గు పెట్టండి. మీటరు వెనక్కి తిరుగుతుంది, కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగవు, పర్మిషన్ అక్కర్లేదు, జర్మనీలో ఇదే చేస్తున్నారు." హనుమకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. ఇళ్ల వైరింగ్ పని చేసేవాడిగా దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

'ఏ సాకెట్‌లోనైనా' అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. 800 వాట్లంటే మూడున్నర ఆంప్సే కదా అనిపిస్తుంది. కానీ డీబీలోని (ఇంటి మెయిన్ స్విచ్‌ల పెట్టెలోని) 16 ఆంప్స్ ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్, తనలోంచి పోయే కరెంటునే చూస్తుంది. ప్యానెల్ కరెంటు ఆ ఎంసీబీ దాటాక, లైను మధ్యలో వచ్చి కలుస్తుంది. అదే లైనులో వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె, హీటర్ కలిసి నడిస్తే ఒక ముక్క వైరు పంతొమ్మిదిన్నర ఆంప్స్ దాకా మోస్తుంది, ఎంసీబీ మాత్రం పడిపోదు. పాత ఇళ్లలో ఆ వైరు 1.5 స్క్వేర్ ఎంఎం మాత్రమే ఉంటుంది. మొన్న ఒక ఇంట్లో డాబా మీది ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇలాగే తగిలించారు. నేను ప్లగ్గు లాగితే ఒక పిన్ను నల్లగా మాడి ఉంది, చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడింది. కింద గదిలో పిల్లలు నిద్రపోతున్నారు.

కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయనేది తప్పు. ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌కు (బయటి కరెంటు లైనుకు) కలిపే సరైన ఇన్వర్టర్, కరెంటు పోగానే తానూ ఆగిపోవాలి. ఆగకపోతే ప్యానెల్ కరెంటు బయటి లైనులోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

ఇక మీటరు. మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంటే మిగిలిన కరెంటు బయటికి పోతుంది. మన దగ్గర చాలా మామూలు మీటర్లు ఏ దిక్కున పారినా వాడకంగానే లెక్క కడతాయి. అంటే బిల్లు పెరగొచ్చు. బయటికి పోయిన కరెంటును వాడకంలోంచి తీసేసి లెక్కకట్టే నెట్ మీటర్ కావాలంటే మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు చేయాల్సిందే. ఆ దారిలో, పథకంలో నమోదైన వెండర్‌తో వేయించుకుంటే కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయల సబ్సిడీ కూడా వస్తుంది. జర్మనీలో కూడా ఇన్వర్టర్‌కు 800 వాట్ల హద్దు ఉంది, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. మెసేజ్‌లో ఆ ముక్క వదిలేశారు.

అనుమతి వచ్చాక సాకెట్ ఇలా పెట్టించండి. డీబీ నుంచి దానికొక్కదానికే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 10 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీ కరెంటు రెండు దిక్కులా పారినా పనిచేసే రకమై ఉండాలి. సాకెట్ నీళ్లు చొరని మూత పెట్టెలో, వాన జల్లు తగలని గోడకు ఉండాలి. మన దగ్గర కోతులు వైర్లు పీకేస్తాయి కాబట్టి పైపులోంచే లాగాలి. ఎర్తింగ్ గుంత ఎండాకాలంలో ఎండిపోతుంది, అప్పుడు ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఉన్నా లేనట్టే. పని మొదలుపెట్టే ముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ టెస్టర్ పెట్టించి, ఆ రీడింగ్ మీ కళ్లతో చూడండి.