కంబైన్డ్ రేషియో గారికి, కేటాయింపుల గడి నుంచి

మహారాజశ్రీ కంబైన్డ్ రేషియో గారి సముఖమునకు,

ఒకానొక బీమా కంపెనీ ముఖ్య కార్యాలయం, లెక్కల విభాగం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు నూటికి దిగువనే క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మూడు నెలలకోసారి తమరు బోర్డు గదిలోకి దయచేస్తారు, వెనక దశాంశ తోక ఒకటి తగిలించుకుని. మహిమంతా ఆ తోకలోనే ఉంది. ఉత్త 97 అంటే ఎవరో ఉజ్జాయింపుగా అన్నట్టుంటుంది. 97.4 అంటే తూచి చెప్పినట్టుంటుంది. ఆ 0.4 ఎక్కణ్ణుంచి ఊడిపడిందో కింద కూర్చుని చూసేవాణ్ణి కాబట్టి, తమరితో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

తమరి పుట్టుక సాదాసీదాదే. పాలసీదారులు కట్టిన ప్రీమియంలో క్లెయిమ్‌లకు పోయే శాతం ఒకటి, కమీషన్లకూ జీతాలకూ అద్దెలకూ పోయే శాతం ఇంకొకటి. రెంటినీ కూడితే తమరు. వందకు తగ్గితే బీమా రాయడం మీదే లాభం, మించితే నష్టం. మోటారు, అగ్ని, మెరైన్ (ఓడలూ సరుకు రవాణా), ఆరోగ్యం, లయబిలిటీ (ఇతరులకు కలిగిన హానికి కట్టాల్సిన పరిహారం), ఇలా ఒక్కో విభాగానికీ ఒక్కో కంబైన్డ్ రేషియో వేసి పక్కపక్కన పెడితే, ఎవరు సంపాదిస్తున్నారో ఎవరు కూర్చుని కరిగిస్తున్నారో తేలిపోతుందని అందరి నమ్మకం. కొత్తగా చేరిన కుర్రాళ్లయితే ఇంతకన్నా నిక్కచ్చి లెక్క లేదని మురిసిపోతారు. మేం వాళ్లను కదిలించం.

ముందు ఆ కూడిక సంగతే చూద్దాం. క్లెయిమ్‌ల శాతాన్ని ఆర్జించిన ప్రీమియం మీద వేస్తారు, అంటే పాలసీలో ఇప్పటిదాకా గడిచిన కాలానికి చెందిన భాగం మీద. ఖర్చుల శాతాన్ని మాత్రం కొన్ని చోట్ల, రాసిన ప్రీమియం మీద, అంటే ఆ ఏడాది అమ్మిన పాలసీల మొత్తం ప్రీమియం మీద వేస్తారు. అమెరికాలో దీనికి ట్రేడ్ బేసిస్ అని మర్యాదైన పేరుంది. హారాలు వేరైన భిన్నాలను ఇలా కూడితే బడిలో లెక్కల మాస్టారు చెవి మెలిపెట్టేవారు. ఇక్కడ విశ్లేషకులు నోట్‌బుక్ తీసి రాసుకుంటారు. ఖర్చు 30 అనుకోండి. ఆర్జించింది 100, రాసింది 120. మొదటిదాని మీద వేస్తే ఖర్చుల శాతం 30, రెండోదాని మీద వేస్తే 25. చిల్లిగవ్వ ఆదా కాలేదు, ఐదు పాయింట్లు తగ్గాయి. కమీషన్ పాలసీ రాసిన రోజే చెల్లిపోతుంది కాబట్టి అలా వేయడమే న్యాయమంటారు. న్యాయమే. ఒక్కో శాతం వెనకా ఒక్కో న్యాయం ఉంది. ఆ రెండు న్యాయాల మొత్తం ఎంతన్నదే నాకు అంతుపట్టదు. ఒక్కటి మాత్రం తెలుసు: దూకుడుగా వ్యాపారం పెంచేవాడికి తమరి దగ్గర కొంచెం చనువెక్కువ.

ఇదంతా చిల్లర. అసలు వినోదం ముఖ్య కార్యాలయం ఖర్చుల దగ్గర ఉంది. చైర్మన్ గారి జీతం, సర్వర్లు, న్యాయ విభాగం, ఆడిటర్ల ఫీజు, నేను కూర్చున్న ఈ కుర్చీ, ఇవి ఏ విభాగానివీ కావు. కాబట్టి అన్ని విభాగాలవీ. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికిలి ఎంతన్నదే పేచీ.

మొన్నటి సమావేశంలో జరిగింది మనవి చేస్తాను. తమరికి సులువుగా ఉండాలని రెండు విభాగాలతో సరిపెట్టి, అంకెలు గుండ్రం చేసి చెబుతున్నాను. మోటారుకు ప్రీమియం 100, అగ్నికి 100. మోటారులో క్లెయిమ్‌లు 70, సొంత ఖర్చు 22, వెరసి 92. అగ్నిలో క్లెయిమ్‌లు 58, సొంత ఖర్చు 30, వెరసి 88. ముఖ్య కార్యాలయం ఖర్చు 12. ప్రీమియాన్ని బట్టి పంచితే చెరి 6. మోటారు 98, అగ్ని 94. ఇద్దరూ లాభంలోనే ఉన్నారు. సమావేశం అక్కడితో ముగిసి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

అగ్ని విభాగం అధిపతి గొంతు సవరించుకున్నారు. "నావి ఫ్యాక్టరీల పాలసీలండీ. ఏడాదంతా కలిపి ఒక బీరువాలో పడతాయి. ఆయనవేమో లక్షల్లో చిన్న పాలసీలు. సర్వర్లు ఎవరి వల్ల అరుగుతున్నాయి? కాల్ సెంటరుకు ఫోన్లు ఎవరివాళ్లు చేస్తున్నారు? పాలసీల సంఖ్యను బట్టి పంచండి."

మోటారు ఆయన ఊరుకుంటారా? "మీ క్లెయిమ్ ఒక్కటి కోర్టుకెక్కితే న్యాయ విభాగం మొత్తం మీ చుట్టూనే తిరుగుతుంది గదండీ. మరి దాన్ని ఏ సంఖ్యను బట్టి పంచమంటారు?"

ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే వాదన తేలలేదు. చివరికి అగ్ని వారి మాట చెల్లింది, సర్వీసులో ఆయన సీనియరు. నేను స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి మార్చాను. 6, 6 కాస్తా 10, 2 అయ్యాయి. మోటారు 102. అగ్ని 90. కంపెనీ మొత్తం మీద అప్పుడూ 96, ఇప్పుడూ 96. రోడ్డు మీద అదనంగా ఒక్క బండి గుద్దుకోలేదు, ఏ ఫ్యాక్టరీలోనూ నిప్పు తగ్గలేదు. అయినా నిన్నటిదాకా బుద్ధిమంతుడైన మోటారు విభాగం తెల్లారేసరికి గుదిబండ అయిపోయింది.

ఆ తర్వాతి కథ తమరికి ఎవరూ చెప్పి ఉండరు, తమరు బోర్డు గది దాటి బయటికి రారు కదా. మోటారు నష్టాల్లో ఉంది, రేట్లు పెంచాలని తీర్మానం. పాలసీదారుకు వెళ్లే ఉత్తరంలో "పెరుగుతున్న క్లెయిమ్‌ల దృష్ట్యా" అని ఉంటుంది. క్లెయిమ్‌లు 70 దగ్గరే ఉన్నాయి. పెరిగింది నా గడిలోని అంకె. "మా సీనియరు అధిపతి గొంతు దృష్ట్యా" అని రాస్తే నిజాయితీగా ఉండేది గానీ, ఆ నమూనాకు న్యాయ విభాగం ఒప్పుకోదు. రేటు పెరిగాక, జాగ్రత్తగా నడిపేవాళ్లు వేరే కంపెనీ చూసుకుంటారు. ఎవరూ చేర్చుకోనివాళ్లు మాకు మిగులుతారు. అప్పుడు క్లెయిమ్‌లు నిజంగానే పెరుగుతాయి. చూశారా, మేం ముందే చెప్పాం అంటారు.

పోనీ నష్టాల విభాగాన్ని మూసేద్దామని ఒకాయన సూచించారు. మూయవచ్చు. మోటారు పోతుంది, దాని 10 మాత్రం పోదు. సర్వర్లు అక్కడే ఉంటాయి, చైర్మన్ గారు అక్కడే ఉంటారు, నా కుర్చీ అక్కడే ఉంటుంది. ఆ 12 మొత్తం అగ్ని నెత్తిన పడుతుంది. 88కి 12 కలిపితే 100. నష్టం తెస్తున్న విభాగాన్ని తీసేసినందుకు కంపెనీ లాభం సున్నా అవుతుంది. ఇంత చక్కటి ఫలితం తమరి సలహా వింటేనే వస్తుంది.

ఇక తమరి శరీరంలో పెద్ద భాగం, క్లెయిమ్‌లు. అదంతా చెల్లించిన సొమ్మని జనం అనుకుంటారు. చెల్లించింది కొంతే. దరఖాస్తు వచ్చి తేలనివి కొన్ని, ప్రమాదం జరిగిపోయి ఇంకా మా గుమ్మం తొక్కనివి కొన్ని. వీటి కోసం ఆక్చువరీ, అంటే బీమా నష్టాలను అంచనా కట్టే గణకుడు, ఒక త్రిభుజం గీస్తారు. ప్రమాదం జరిగిన ఏళ్లు నిలువునా, తర్వాత గడిచిన ఏళ్లు అడ్డంగా. కింది సగం ఖాళీ. ఆ ఖాళీలో రేపటి అంకెలు నింపడమే ఆయన ఉద్యోగం. మంచి ఆక్చువరీ ఒక్క అంకె చెప్పడు, ఇంత నుంచి ఇంత వరకు ఏదైనా సబబే అంటాడు. తమరు అలాంటివి ముట్టరు. ఒక్కటే కావాలి, తోకతో సహా.

కారు అద్దం పగిలిన లెక్కయితే నెలల్లో తేలిపోతుంది. లయబిలిటీలో అలా కాదు. ఆస్‌బెస్టాస్ పీల్చిన కార్మికుడికి జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది. ఏనాడో రాసిన పాలసీల మీద ఆ క్లెయిమ్‌లు వచ్చిపడి లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్ అల్లాడిపోయింది. 1992కూ అంతకు ముందరి ఏళ్లకూ చెందిన బాధ్యతలను 1996లో ఈక్విటాస్ అనే కొత్త సంస్థకు మళ్లించాల్సి వచ్చింది. ఆ పాలసీలు రాసిన ఏళ్లలో తమరు ఎంత చక్కగా కనబడి ఉంటారో! ఆస్ట్రేలియాలో హెచ్‌ఐహెచ్ అనే బీమా కంపెనీ 2001లో కూలిపోతే, విచారణ జరిపిన రాయల్ కమిషన్ రెండేళ్ల తర్వాత తేల్చిన ప్రధాన కారణం రాబోయే క్లెయిమ్‌లకు సరిపడా సొమ్ము పక్కన పెట్టకపోవడం. పక్కన పెట్టనన్నాళ్లూ తమరు సన్నగానే ఉంటారు. అందుకే సన్నబడ్డ తమర్ని చూస్తే నాకు ముచ్చట కన్నా అనుమానం ఎక్కువ.

అంత దూరం వెళ్లక్కర్లేదు. ఈ త్రైమాసికం బాగాలేకపోతే చాలు, పాత ఏళ్ల రిజర్వుల్లో, అంటే క్లెయిమ్‌ల కోసం పక్కన పెట్టిన సొమ్ములో, ఏదో మిగులు కనబడుతుంది. అది ఇక అక్కర్లేదని క్లెయిమ్‌ల లెక్కలోంచి తీసేస్తే తమరు ఒకటి రెండు పాయింట్లు తగ్గుతారు. చచ్చిన బర్రె పాలెక్కువ అన్నది బయట సామెత, మా దగ్గర ఆదాయ మార్గం. పాత ఏళ్లను పక్కకు తీసి ఈ ఏటి ప్రమాదాలకే లెక్కగట్టే యాక్సిడెంట్ ఇయర్ రేషియో ఒకాయన ఉన్నారు, తమరి దాయాదే. కాస్త నిజం మాట్లాడతారు. వార్షిక నివేదికలో వెనక పేజీల్లో ఉంటారు.

ముందు పేజీలో కూర్చునేది ఇంకొకాయన, అండర్‌లయింగ్ కంబైన్డ్ రేషియో గారు. తుపాను మినహా, వరద మినహా, పాత సవరణలు మినహా, పునర్వ్యవస్థీకరణ ఖర్చులు మినహా 89.6! తుపాను వస్తుందేమోనని తీసుకున్న ప్రీమియం మాత్రం మినహాయించరు, అది హారంలో హాయిగా ఉంటుంది. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాను తాకినప్పుడు బీమా నష్టం సుమారు 1,550 కోట్ల డాలర్లు. కొన్ని కంపెనీలు దివాలా తీశాయి. తుపాను మినహా అవి కూడా బాగానే ఉండి ఉంటాయి.

భూకంప బీమా లాంటిది తొమ్మిదేళ్లు 60 చొప్పున నడిచి పదో ఏట 400 చూపించిందనుకోండి. ప్రీమియం ఏటా ఒకటే అయితే సగటు 94, మంచి వ్యాపారమే. అయితే తొమ్మిదేళ్లు బోనసు పుచ్చుకున్న అధిపతి ఒకరు, పదో ఏట సంజాయిషీ ఇచ్చుకునే అధిపతి ఇంకొకరు. సగటుకు మాత్రం అధిపతి ఎవరూ ఉండరు.

కాలం విలువ తమరికి తెలియదన్నది నా పాత ఫిర్యాదు. ప్రీమియం ముందు వస్తుంది, క్లెయిమ్ తర్వాత పోతుంది. ఆ మధ్యలో చేతిలో ఆడే సొమ్మే ఫ్లోట్. 1967లో నేషనల్ ఇండెమ్నిటీ అనే బీమా కంపెనీని కొన్న దగ్గర్నుంచి, వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాథవే ఎదుగుదలలో ఆ ఫ్లోట్‌కు పెద్ద పాత్ర ఉంది. లయబిలిటీలో 104 వచ్చినా, ఆ సొమ్ము ఏళ్ల తరబడి వడ్డీ తెస్తే లాభమే. కారు డ్యామేజీలో 104 అంటే చాలావరకు నష్టమే. తమరి కంటికి రెండూ ఒకే 104. పోనీ పెట్టుబడుల ఆదాయాన్ని విభాగాలకు పంచుదామంటే మళ్లీ నా గడి దగ్గరికే రావాలి. నేను రాను, ఇప్పటికే ఇద్దరు అధిపతులు నాతో మాట్లాడడం లేదు.

2023 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17 అనే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం భవిష్యత్ క్లెయిమ్‌లను నేటి విలువకు తగ్గించి రాయమంది. దాంతో తమరు ఇద్దరయ్యారు, ఆ తగ్గింపు (డిస్కౌంటు)తో ఒకరు, అది లేకుండా ఒకరు. కొన్ని కంపెనీల నివేదికల్లో ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు, ఎవరికి దండం పెట్టాలో పాఠకుడే తేల్చుకోవాలి. ఆ ప్రమాణంలో నాకు నచ్చింది వేరే: నష్టం తెచ్చే ఒప్పందాల గుంపును లాభం తెచ్చే గుంపు వెనక దాచడానికి వీల్లేదు, నష్టం తెలిసిన వెంటనే చూపించాలి. రాసినవాళ్లకు నా తరఫున ఒక నమస్కారం. జీవిత బీమా వాళ్ల సంగతి ఎత్తను, వాళ్ల కొలతలు వాళ్లకున్నాయి, తమరితో వారికి పెద్దగా పని లేదు.

ఇక విభాగాల సరిహద్దులు. 2009 నుంచి అమల్లో ఉన్న ఇంకో లెక్కల ప్రమాణం, ఐఎఫ్‌ఆర్‌ఎస్ 8, ఏమంటుందంటే, నిర్ణయాలు తీసుకునే పెద్దలు వ్యాపారాన్ని లోపల ఏ ముక్కలుగా చూస్తారో బయటివాళ్లకూ ఆ ముక్కలే చూపించాలి. ఆలోచన మంచిదే. కానీ పెద్దల చూపు మారితే ముక్కలూ మారతాయి. నష్టపోతున్న మెరైన్‌ను తీసుకెళ్లి లావుపాటి అగ్నిలో కలిపి "కమర్షియల్" అని పేరు పెడితే, మెరైన్ కంబైన్డ్ రేషియో అన్నదే ఇక ఉండదు. పాత ఏళ్ల అంకెలను కూడా కొత్త ముక్కలకు తగ్గట్టు తిరగరాస్తారు, పోల్చుకోవడానికి వీలుగా. ఎక్కడా ఇమడనివి "ఇతరములు"లోకి పోతాయి. ఆ గదిలోకి నేను ఒంటరిగా వెళ్లను.

తమర్ని పదవి నుంచి దించమని ఎవరినీ అడగడం లేదు. తమరు లేకపోతే వీళ్లంతా ప్రీమియం ఎంత పెరిగిందన్న ఒక్క అంకె చూసుకుని చంకలు గుద్దుకుంటారు, అది మరీ ప్రమాదం. ఒక్క చిన్న కోరిక. ఈసారి దయచేసేటప్పుడు వంటరిగా రాకండి. ముఖ్య కార్యాలయం ఖర్చు పంచకముందు తమరెంతో, పాత రిజర్వులు కలపకముందు తమరెంతో, ఆ రెండు అంకెల్నీ వెంటబెట్టుకుని రండి. బోర్డు వారికి పది నిమిషాలు అదనంగా పడుతుంది, అంతే కదా.

రేపు ఉదయం మళ్లీ కేటాయింపుల సమావేశం. మోటారు వారు కొత్త కొలత ప్రతిపాదించారు, కంప్యూటర్ల వాడకమూ కోర్టు కేసులూ కలిపి. అంకెలు ముందే వేసి చూశాను. మోటారు 99.9. అగ్ని 92.1. మొత్తం షరా మామూలే, 96. అగ్ని వారికి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
గడి నింపేవాడు