ముందు లీకు చూపించండి, తర్వాత వాల్వు మార్చండి

పాత కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని, స్కానర్‌లో పీ0442 (పెట్రోలు ఆవిరి ఎక్కడో లీకవుతోందని చెప్పే కోడ్) కనిపించిందని ఎవరైనా అంటే చాలు, మనవాళ్ళ దగ్గర రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. "బండి బాగానే నడుస్తోంది కదా, వదిలేయండి" అనేది ఒకటి. "పర్జ్ వాల్వు మార్చేయండి, మా కారుకు దానితోనే పోయింది" అనేది రెండోది. మొదటిది బద్ధకం, రెండోది జూదం. నాకు రెండోదాని మీదే కోపం ఎక్కువ. అది పరిజ్ఞానం వేషం కట్టుకుని వస్తుంది.

ఆ కోడ్ ఏ భాగాన్నీ వేలెత్తి చూపదు. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని క్యానిస్టర్ అనే బొగ్గు డబ్బా పీల్చుకుంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదులుతుంది. బయటి గాలి రావడానికి క్యానిస్టర్ వైపు వెంట్ వాల్వు ఉంటుంది. చాలా కార్లలో కంప్యూటర్ ఈ వెంట్‌ను మూసి, ఇంజిన్ పీల్చే బలంతో ట్యాంకులో ఒత్తిడి తగ్గించి, అది నిలుస్తోందా లేదా అని సెన్సర్ ద్వారా కనిపెడుతుంది. నిలవకపోతే కోడ్ వేస్తుంది. పీ0442 అంటే సుమారు ఒక మిల్లీమీటరు చిల్లంత లీకు, పీ0456 అంటే అందులో సగం, పీ0455 అంటే పెద్దది. చిల్లు ఎంతదో అంచనా కట్టే కంప్యూటరుకే అది ఎక్కడుందో తెలియదు. ఫోనులో విన్న మిత్రుడికి ఎలా తెలుస్తుంది?

వదిలేయమనేవారి మాటలో కొంత నిజముంది. చిన్న లీకు వల్ల ఇంజిన్‌కు చెరుపు లేదు, మైలేజీలో తేడా కూడా తెలియదు. కానీ కారు ఎండలో ఊరికే నిలబడి ఉన్నా ఆవిరి పోతూనే ఉంటుంది, గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఊపిరికి హాని చేసే ఓజోన్‌ను పుట్టిస్తుంది. పైగా వెలిగి ఉన్న లైటు మళ్ళీ కొత్తగా వెలగదు. రేపు ఆక్సిజన్ సెన్సర్ పాడైనా మీకు తెలిసే దారి ఉండదు. ఇక కోడ్ చెరిపేసి ఉద్గారాల తనిఖీకి వెళ్ళే తెలివి ఒకటుంది. చెరిపితే తనిఖీలో చూసే కారు స్వీయ పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. ఆవిరి పరీక్ష ఒక్కటి పూర్తికాకపోయినా కొన్నిచోట్ల ఒప్పుకుంటారు కాబట్టి ఈ ఎత్తు అప్పుడప్పుడు పారుతుంది కూడా. లీకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ముందు పెట్రోలు మూత చూడాలి, అది అందరికీ తెలుసు. మూత కింది రబ్బరు రింగు పగిలిందేమో చూసేవారు, ఆ రింగు కూర్చునే గొట్టం అంచును చూడరు. మంచుకాలంలో ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన కార్లలో ఆ అంచు తుప్పు పట్టి గరుకుగా ఉంటుంది. దాని మీద ఎన్ని కొత్త మూతలు పెట్టినా లాభం లేదు. మూతే దోషి అయినా లైటు వెంటనే ఆరదు. కారు తనకు తాను చేసుకునే లీకు పరీక్ష వరసగా మూడుసార్లు నెగ్గాలి.

పర్జ్ వాల్వును అనుమానించడం తప్పుకాదు, పరీక్షించకుండా మార్చడమే తప్పు. ఇంజిన్ చల్లబడ్డాక వాల్వు విప్పి, కరెంటు తీగ తగిలించకుండా, శుభ్రమైన గొట్టం పెట్టి ఊదండి. గాలి దాటకూడదు. దాటిందంటే అది మూసుకోవడం లేదు. పెట్రోలు పోయించిన వెంటనే ఇంజిన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. విప్పిన వాల్వును తెల్ల కాగితం మీద తట్టి చూడండి. నల్లటి నలుసులు రాలితే క్యానిస్టర్‌లోని బొగ్గే చితికి వస్తోందని అర్థం. కొత్త వాల్వు పెట్టినా అందులోనూ అవే ఇరుక్కుంటాయి. పంపు ఆగిపోయాక కూడా ఇంకాస్త, ఇంకాస్త అంటూ నింపించే అలవాటు ఇలాంటి చోటికే దారితీస్తుంది. ద్రవ పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరకూడదు.

వెంట్ వైపు ఇబ్బంది లీకు ఒక్కటే కాదు, మూసుకుపోవడం కూడా. మూసుకుపోతే పెట్రోలు పోస్తుంటే పంపు మాటిమాటికీ ఆగిపోతుంది. ఇక్కడ మనిషి ఊహకు అందనివి కూడా జరుగుతాయి: పసుపు రంగు సాలీళ్ళు వెంట్ గొట్టాల్లో గూళ్ళు కడుతున్నాయని 2011లో మాజ్డా కంపెనీ తన మాజ్డా6 కార్లను వెనక్కి పిలిపించింది.

వీటిలో దొరకకపోతే పొగ పరీక్ష చేయించడమే దారి. ఒక పీఎస్ఐ కన్నా తక్కువ ఒత్తిడితో పొగ పంపి అది ఎక్కడ తేలుతుందో దీపం పెట్టి వెతుకుతారు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా తగిలించేవారి దగ్గరికి వెళ్ళకండి. ఆ ఒత్తిడికి సెన్సర్ పోతుంది, పెట్రోలు ఆవిరిలోకి గాలి ఎక్కించడం ప్రమాదం కూడా. పరీక్షకు ముందు వెంట్ వాల్వును మూయించారా అని తప్పక అడగండి. అది మామూలుగా తెరిచే ఉంటుంది. మూయకపోతే పొగ అక్కడి నుంచే వస్తుంది, "వెంట్ వాల్వు పోయిందండీ" అని బాగున్నదాన్నే మారుస్తారు.

పొగ వచ్చే చోటును ఫొటో తీసి ఇమ్మనడంలో మొహమాటం ఎందుకు? డాక్టరును ఎక్స్‌రే చూపించమని అడగడానికి వెనకాడం కదా. మరమ్మతు అయ్యాక, ఆ కారులో వీలుంటే, స్కానర్‌తోనే లీకు పరీక్ష నడిపించి ఫలితం చూపించమనండి. ఆ రోజు ట్యాంకు సగం దాకా ఉంటే మంచిది. నిండుగా ఉన్నా, అడుగంటినా చాలా కార్లు ఆ పరీక్షను మొదలుపెట్టవు.