తాతల మరానీ తలుపు తీస్తున్న తరం

ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగమైన జార్జియా దేశంలో, చదువుకున్న యువత కొందరు పల్లెకు తిరిగొచ్చి, తాతల నాటి మరానీలను మళ్లీ తెరుస్తున్నారు. మరానీ అంటే ఇంటి వైన్ గది. దీన్ని టూరిస్టులకు చూపించే పాతకాలపు ముచ్చటగా కొట్టిపారేసేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ దేశపు వైన్ రంగంలో ఇప్పుడు జరుగుతున్న అతి తెలివైన పని ఇదే.

అక్కడ 8 వేల ఏళ్ల నాటి మట్టి పాత్రల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు దొరికాయి. దేశంలో గుర్తించిన ద్రాక్ష రకాలు 500 పైనే. ఇంత సంపద ఉన్న చోట సోవియట్ ఫ్యాక్టరీలకు కావలసింది దిగుబడి మాత్రమే. ర్కత్సితెలి, సపెరవి లాంటి కొద్ది రకాలే తోటలన్నీ ఆక్రమించాయి. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో ఎన్నో తోటలు నరికేశారు. అయినా వైన్ చేసే విద్య బతికింది. కారణం, ఇంటి వెనక మిగిలిన కాస్త నేలలో ప్రతి కుటుంబమూ తాగడానికి తన వైన్ తాను చేసుకుంటూ ఉండడమే. ప్రభుత్వ ప్రణాళికలో లెక్కకు రాని ఆ పెరటి తీగలే ఈ రోజు పిల్లలకు పెట్టుబడి.

ఇంతకీ వాళ్లు చేసేదేమిటి? నేలలో మెడ దాకా పాతిన క్వెవ్రి అనే పెద్ద మట్టి జాడీలో ద్రాక్షరసాన్ని తొక్కలు, గింజలు, కొన్ని చోట్ల కాడలతో సహా పోసి పులియబెడతారు. తర్వాత మూత పెట్టి వసంతం దాకా వదిలేస్తారు. చుట్టూ ఉన్న మట్టి వల్ల వేడి ఒక్కసారిగా పెరగదు, తగ్గదు. జాడీ లోపలి గోడకు తేనెమైనం పూస్తారు. తొక్కలతో నెలల తరబడి ఉండడం వల్ల తెల్లద్రాక్ష వైన్ కూడా తేనె రంగుకు తిరిగి, టీ లాంటి వగరు పట్టుకుంటుంది. ఈ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇలాంటి వైన్‌ను స్టీలు ట్యాంకుల్లో పోటీపడి ఎవరూ చవగ్గా తయారుచేయలేరు. అసలు బలం అదే. కిసి లాంటి దాదాపు కనుమరుగైన రకాన్ని మళ్లీ నాటినవాడికి ధర చెప్పే హక్కు వస్తుంది. ఫ్యాక్టరీ గేటు ముందు లారీలో ద్రాక్షతో నిలబడ్డవాడికి ఆ హక్కు ఎప్పుడూ లేదు.

చిన్న కుటుంబాలు తీసే కొద్ది వేల సీసాలతో దేశం గడవదని విమర్శ. నిజమే, ఎగుమతుల్లో పెద్ద కంపెనీలదే పైచేయి. కానీ ఆ పరిమాణం ఎవరి దయ మీద నిలబడి ఉందో కూడా చూడాలి కదా.

2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించింది. అప్పటిదాకా ఎగుమతుల్లో సింహభాగం వెళ్లింది అక్కడికే. రాత్రికి రాత్రి గిరాకీ పోయింది. ఆ దెబ్బతోనే నాణ్యత, కొత్త దేశాలు అన్న ఆలోచన మొదలైంది. 2013లో తలుపు తెరుచుకోగానే సరుకు మళ్లీ అటే పోటెత్తింది. ఇప్పటికీ ఎగుమతుల్లో సగానికి పైగా రష్యాకే వెళ్తోంది. ఒక్క కొనుగోలుదారుడి మీద ఆధారపడ్డ రైతు, పంట ఏదైనా, దేశం ఏదైనా, స్వతంత్రుడు కాడు. కొనేవాడి రాజకీయం మారితే అతని తోట విలువ మారిపోతుంది. ఒకే రకం నాటడం, ఒకరికే అమ్మడం ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. యువ వైన్ తయారీదారులు ఈ రెండింటికీ ఒకేసారి మందు వేస్తున్నారు: రకరకాల తీగలు, రకరకాల దేశాల్లో చిన్న చిన్న గిరాకీలు.

కోతల కాలంలో ద్రాక్ష ధర పడిపోకుండా జార్జియా ప్రభుత్వం ఏళ్లుగా సబ్సిడీలు ఇస్తోంది. ఆ డబ్బు కిలోల లెక్కన వెళ్తుంది కాబట్టి ఎక్కువ దిగుబడికే లాభం. అందులో కొంత తీసి, అరుదైన రకాలు నాటిన కుటుంబాలకు తీగ కాపుకొచ్చే మూడు నాలుగేళ్లు ఆదాయం కింద ఇవ్వాలి. ఇంకొంత క్వెవ్రి చేసే కుమ్మర్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు జీతంగా ఇవ్వాలి. పెద్ద జాడీని చేత్తో వరస మీద వరస పేర్చి లేపాలి, ఒక్కోదానికి వారాలు పడుతుంది. ఆ పని తెలిసిన కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మిగిలాయి. వాళ్ల పొయ్యి ఆరిపోతే, తెరిచిన మరానీల్లో పాతడానికి కొత్త జాడీ దొరకదు.