సబ్సిడీ గారికి ఒక అర్జీ

హైదరాబాద్

మహారాజశ్రీ సబ్సిడీ గారి సముఖానికి,

విషయం: తమరు ఇస్తామంటున్న ‘సగం’ దేనిలో సగమో తెలుపవలసిందిగా మనవి.

అయ్యా,

వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం అని పేరు పెట్టి 2014-15లో కేంద్రం మిమ్మల్ని ఊళ్లమీదికి పంపినప్పటి నుంచీ మీ మాట ఒక్కటే. చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం. వినసొంపుగా ఉంటుంది. మీ ఫైలు బషీర్‌బాగ్‌లో, మీ బేరింగులు రాణిగంజ్‌లో, మీ మీద ఉపన్యాసాలు రాజేంద్రనగర్‌లో. ఈ పట్నంలో మీకు చుట్టం కానివాడు లేడు. పొలం గట్టు మీదే మీ మొహం ఎవరూ సరిగా గుర్తుపట్టరు.

ముందు ధర సంగతి. రోటావేటర్ (ట్రాక్టరు వెనక తగిలిస్తే తిరిగే బ్లేడ్లతో నేలను మెత్తగా దున్నే యంత్రం) ఖరీదు లక్షా ఇరవై వేలనుకోండి. సగమంటే అరవై వేలు రావాలి కదా? రావు. ‘ధరలో 50 శాతం లేదా గరిష్ఠ పరిమితి, ఏది తక్కువైతే అది’ అని చివరి వరుసలో చీమ తలకాయంత అక్షరాలతో మీరే రాసుకున్నారు. ఆ పరిమితి నలభై ఐదు వేలనుకుంటే మీ సగం ముప్పై ఏడున్నర శాతానికి దిగింది. ఇక షాపుకు వెళ్తే కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న: ‘సబ్సిడీ మీదనా, నగదుకా?’ అదే యంత్రం, అదే రంగు, ధరలు మాత్రం రెండు. నగదు ధర లక్షా ఐదు వేలైతే మీ నలభై ఐదు వేలలో పదిహేను వేలు రైతు జేబు ముఖమే చూడవు. మీరు గుమ్మం దాటకముందే మీ వాటా ఎవరో వడ్డించుకున్నారు, మీకు కబురైనా లేదు.

అందుకని రైతు వాటా కట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండు షాపుల్లో నగదు ధరకు కొటేషన్ రాయించుకోవాలి. మోడల్ నంబరు, బ్లేడ్ల సంఖ్య, ట్రాక్టరు నుంచి యంత్రానికి తిప్పుడు శక్తిని చేర్చే కార్డన్ షాఫ్ట్ ధరలో కలిసిందా లేదా, అన్నీ కాగితం మీద ఉండాలి. షాఫ్ట్ విడిగా కొనుక్కోమంటే లెక్క మళ్లీ మారిపోతుంది. పన్ను గడి కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత కొటేషన్ పట్టుకుని కొత్త డబ్బు కడితే ఆ ఏడు శాతం ఎవరిదో మీరే చెప్పాలి.

తర్వాత కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోటో, అవసరమైనవాళ్లకు కుల ధ్రువీకరణ పత్రం, ట్రాక్టరుకు తగిలించే యంత్రమైతే ఆర్సీ. పాసుపుస్తకం తండ్రి పేరున, ట్రాక్టరు కొడుకు పేరున ఉన్న ఇళ్లు ఎన్నో. ఒకే వంటింట్లో తినే ఆ ఇద్దరూ మీ కంప్యూటర్‌లో బంధువులు కారు. ఖాతాకు ఆధార్ ముడిపడకపోతే మంజూరైన డబ్బు కూడా దారిలోనే నిద్రపోతుంది. అర్జీ పెట్టే రోజే బ్యాంకులో అడిగి చూసుకోవడం మేలు. కౌలు రైతు ఊసు ఎత్తకపోవడమే మర్యాద. దున్నేది ఆయన, పాసుపుస్తకం ఇంకొకరిది. మీరు పుస్తకాన్ని చూసి ఇస్తారు, పొలాన్ని చూసి కాదు.

పంచాంగం మాటకొస్తే, మీకు కార్తెలు లేవు. మీకున్నది ఒక్క మార్చి 31. ఫిబ్రవరిదాకా నిధులు లేవంటారు, మార్చిలో మురిగిపోతాయని పరుగులు పెట్టిస్తారు. జూన్ మొదటివారం దాటగానే మిరుగం (మృగశిర కార్తె) వస్తుంది, దుక్కికి పది రోజులే అదను. ఆ పది రోజుల్లో మీరు ‘పరిశీలనలో ఉంది’. తాడిపత్రులదీ అదే కథ. కల్లంలో వడ్లు తడిసి మొలకలెత్తాక చేతికొచ్చిన తాడిపత్రి పెళ్లి పందిరికి పనికొస్తుంది. యంత్రాల అద్దె కేంద్రాలు పెట్టాం కదా అంటారు. పెట్టారు, గ్రామ యంత్ర బ్యాంకుకు ప్రాజెక్టు ఖర్చులో 80 శాతం ఇస్తున్నారు, కాదనం. కానీ ఊరంతటికీ వాన పడేది ఒక్కరోజే, రోటావేటర్లు రెండే.

ఆ రోటావేటర్ దగ్గర కాసేపు ఆగండి. ఆరడుగుల దానికి సాధారణంగా 42 బ్లేడ్లు, బ్లేడుకు రెండేసి లెక్కన 84 బోల్టులు. కొత్త యంత్రం రెండు మూడు గంటలు నడిచాక ఆ 84నీ మళ్లీ బిగించాలి. బోల్టు కింద రంగు పొర ఉంటుంది, అది నలిగి రాలగానే బిగువు పోతుంది. మీరు పాసుపుస్తకం పట్టించి, లొకేషన్ పడేలా ఫోటో తీయించేది రంగు మెరుస్తున్నప్పుడే. తర్వాత ఆ వైపు రారు.

బ్లేడ్లలో ఎడమవైపు వంగినవి కొన్ని, కుడివైపు వంగినవి కొన్ని. అన్నీ ఒక్కసారే నేలను కొట్టకుండా మెలిక వరుసలో ఒకదాని వెనక ఒకటి దిగాలి. మార్చేటప్పుడు ఎడమది కుడికి పడితే, లేదా విరిగిన ఒక్క బ్లేడునే కొత్తది వేసి ఎదురుదాన్ని పాతదే ఉంచితే, యంత్రం దడదడలాడుతుంది. ఆ దడ ముందు బేరింగుకు, అక్కడి నుంచి గేర్‌బాక్సుకు పాకుతుంది. రేగడిలో ఎక్కువ రోజులు వచ్చే బ్లేడు ఇసుక, గులక ఉన్న చెల్కలో తొందరగా అరుగుతుంది. మీ దగ్గర రెండు నేలలకూ ఒకే లెక్క.

దమ్ములో, అంటే నీళ్లు నిలిపిన వరి మడి దున్నకంలో, దింపితే ఇంకో తంటా. షాఫ్టు చివర నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలు చుట్టూ గడ్డి, ప్లాస్టిక్ తీగలు చుట్టుకుని సీలును కోసేస్తాయి, నీళ్లు లోపలికి పోతాయి. దమ్ము అయ్యాక డ్రెయిన్ ప్లగ్ కాస్త వదులు చేసి చూస్తే తెలిసిపోతుంది. ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తే సీలు పోయినట్టే. అప్పుడే సీలు మార్చి 90 నంబరు గేరు ఆయిలు పోస్తే ఖర్చు వందల్లో తేలుతుంది. పంట కోసేదాకా ఆగితే బేరింగు, షాఫ్టు కలిసి వేలల్లో అడుగుతాయి. సీలుకు మీరివ్వరు, బ్లేడ్లకు ఇవ్వరు, 84 బోల్టుల్లో ఒక్కదానికీ ఇవ్వరు. మీ సగం మొదటి రోజుతో సరి.

ఇంకొకటి. 45 గుర్రాల శక్తి అడిగే ఆరడుగుల రోటావేటర్‌ను 35 గుర్రాల ట్రాక్టరుకు కట్టమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, మీ జాబితాలో ఆరోజు అదొక్కటే మిగిలింది. గట్టు దగ్గర మళ్లేటప్పుడు పీటీఓ (యంత్రాన్ని తిప్పే ట్రాక్టరు వెనక షాఫ్టు) ఆపకుండా యంత్రాన్ని పైకెత్తితే కార్డన్ షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు విరుగుతాయని కూడా డెలివరీ రోజు చెప్పేవాడు ఉండడు. తాళం చెవి ఇస్తారు, స్వీటు పెడతారు.

వరి నాటే యంత్రం వైపు వెళ్దాం. యంత్రానికి ఇస్తారు, నారు పెంచే ట్రేలకు తడుముకుంటారు. ఎకరాకు 80 నుంచి 100 ట్రేల నారు కావాలి, జల్లెడ పట్టిన మట్టి కావాలి, పదిహేను రోజులు దాటిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూ నారు ముదరకముందే నాటాలి. దమ్ము చేసిన మడి ఒకటి రెండు రోజులు తేరుకోకుండా యంత్రం దించితే నారు నిలవదు, తేలుతుంది. ఇవేవీ యంత్రం లోపాలు కావు. అయినా రెండో ఏడు అది పాకలో కోళ్లకు గూడవుతుంది, మీ లెక్కలో మాత్రం ‘పంపిణీ అయింది’.

డ్రోన్ వచ్చాక మీ హోదా పెరిగింది. చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు సగం, ఐదు లక్షలదాకా. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు 75 శాతం. నమో డ్రోన్ దీదీ కింద మహిళా సంఘాలకు 80 శాతం, ఎనిమిది లక్షలదాకా, పైలట్‌గా ఎంపికైన అక్కకు పదిహేను రోజుల శిక్షణ. ఇది మంచి పనే, ఒప్పుకుంటున్నాం. పది లీటర్ల ట్యాంకుతో ఏడెనిమిది నిమిషాల్లో ఎకరం తడిసిపోతుంది. కానీ ఒక జత బ్యాటరీలు ఎకరం, రెండెకరాలకే దిగిపోతాయి. వేడి మీదున్న బ్యాటరీని చల్లారనివ్వకుండా ఛార్జింగ్ పెట్టకూడదు. సీజన్ అయ్యాక నిండుగా ఛార్జి చేసి మూలన పెడితే ఉబ్బుతుంది, సగం ఛార్జితో దాచాలి. గట్టు మీద జనరేటరు లేకపోతే రోజుకు ఇరవై ఎకరాలన్నది పోస్టరు మీదే. పైగా శంషాబాద్, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల పొలాలున్నవాళ్లు ఎగరేసేముందు డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో తమ చేను ఏ రంగులో ఉందో చూసుకోవాలి. విమానాశ్రయం పక్కన వంకాయ తోటకు మందు కొట్టడానికి అనుమతి అడగాల్సి వస్తుందని మొదట అర్జీ రాసినప్పుడు ఎవరికి తట్టింది?

కనుక తమరు దయచేసి వచ్చే ఏడాది యంత్రంతోపాటు రెండేళ్ల బ్లేడ్లు, సీళ్లు, ఒక మెకానిక్కు చిరునామా కలిపి ఇప్పించగలరు. కుదరకపోతే కనీసం మేలో రాగలరు.

ఇట్లు,
తమ సగంలో మిగిలిన సగం కట్టినవారు

జతపరచినవి:
పాసుపుస్తకం జిరాక్సులు మూడు (నాలుగోది పోయిన ఏడాది తమ దగ్గరే ఉండిపోయింది).
ఆధార్ జిరాక్సులు రెండు.
అరిగిన ఎడమ బ్లేడు ఒకటి. కొత్తదాని పక్కన పెట్టి తూచి, తేడా బరువుకు ధర కట్టగలరు.